థర్మన్ సీటు

సేజ్ బెండ్, వయోమింగ్
ఆగస్టు 13

తమ్ముడు మెరిల్‌ను అక్క వెర్నా దీవించి రాయునది,

సోమవారం సాయంత్రం ఏడున్నరకి మన టౌన్ కౌన్సిల్, గుట్ట వెనకున్న షూటింగ్ రేంజ్‌ని మూసేయాలన్న తీర్మానాన్ని మొదటిసారి చదివింది. సెప్టెంబరులో రెండోసారి చదివి ఓటు వేస్తారు. నెగ్గితే ఊరి పొలిమేరలో తుపాకీ పేల్చడం నేరమవుతుంది.

అంటే నాన్న మనిద్దరికీ గురి నేర్పిన చోటికి తాళం పడుతుంది. బడి పిల్లల రైఫిల్ జట్టుకి సాధన ఉండదు. వేట కాలానికి ముందు తుపాకీ సరిచూసుకోవాలంటే కాస్పర్ పట్నం దాకా పోవాలి. ఈ ఏడు రేంజ్ అంటారు, వచ్చే ఏడు ఇంకేమంటారో తెలియదు.

తీర్మానం తెచ్చింది ఐడా పికెట్. జూన్‌లో పోయిన థర్మన్ భార్య. ఆయన కౌన్సిల్ సీటులో మిగిలిన కాలానికి ఆవిణ్ణే కూర్చోబెట్టారు. గుట్టకి ఇవతల శ్మశానం, అవతల రేంజ్. ఎవరినైనా పూడ్చిపెట్టే రోజున శ్మశానంలో ఎర్ర జెండా ఎగరేసి, అవతల తుపాకులు ఆపించింది ఇన్నేళ్లూ థర్మనే. ఆయన అంత్యక్రియల రోజు రేంజ్ వాళ్లు తుపాకులు పేల్చి వందనం చేశారు కూడా. పాస్టర్ ప్రార్థన చదువుతున్నంతసేపూ పేలుస్తూనే ఉన్నారు. వరస కొంచెం తప్పినా మా అందరికీ కళ్లు చెమర్చాయి. ఐడా ఒక్కతే మొహం బిగించుకుని నిలబడింది. దుఃఖం అనుకున్నాం.

తీర్మానం ఎందుకని సభలోనే అడిగాను. "చప్పుడు" అంది. వెంటనే తర్వాతి అంశం ఎత్తుకుంది.

వచ్చే సోమవారం మాట్లాడ్డానికి నాకు మూడు నిమిషాలిచ్చారు. నాన్న రైఫిల్ పట్టుకెళ్తున్నాను. అది చూశాక కౌన్సిల్లో ఎవరూ నాకు ఎదురు చెప్పలేరు.

నువ్వు పంపిన కాఫీ పొడి అందింది. రోజూ పొద్దున్నే నిన్ను తలుచుకుంటున్నాను.

ఇట్లు,
నీ అక్క వెర్నా

తా.క.: ఐడాకి రూబార్బ్ కాడలు కూరి తీపి పై కాల్చి పంపాను. తగువు తగువే, ఆవిడ ఒక్కతే కూర్చుని తింటోంది కదా. పళ్లెం కడిగి తిప్పి పంపింది.

*

సియాటిల్
ఆగస్టు 17

అక్కకి మెరిల్ నమస్కారాలు.

"అది చూశాక ఎవరూ ఎదురు చెప్పలేరు" అని నువ్వు రాసిన చోట చదవడం ఆపేశాను. నీ మరదలు తెల్మా తక్కిన ఉత్తరం పైకి చదివి వినిపించింది.

అక్కా, నువ్వు జీవితమంతా పత్రికలో పనిచేసినదానివి. ఇలాంటి వాక్యం మర్నాడు మొదటి పేజీలో ఎలా కనిపిస్తుందో నేను చెప్పాలా? రేంజ్ పోతే పోయింది. నువ్వు జైలుకెళ్తే నేను తట్టుకోలేను. నువ్వు ఫోను ఎత్తవు కాబట్టి షెరిఫ్‌కి ఫోను చేశాను. నీతో నెమ్మదిగా మాట్లాడమని, రైఫిల్ ఎక్కడుందో కనుక్కోమని చెప్పాను. కోపం తెచ్చుకోకు.

నీ మేలు కోరే
మెరిల్

తా.క.: సభకి రైఫిల్ బదులు పై తీసుకెళ్లు. దానికీ ఎవరూ ఎదురు చెప్పలేరు.

*

సేజ్ బెండ్
ఆగస్టు 28

చిరంజీవి మెరిల్‌కి,

షెరిఫ్ వచ్చాడు. రైఫిల్ ఎక్కడుందని అడిగాడు. బీరువాలో ఉందని చూపించాను. గుళ్లు వేరే గదిలో ఉండటం చూసి తృప్తిపడ్డాడు. రెండు ముక్కలు పై తిని, "మీ తమ్ముడు బాగా కంగారు పడుతున్నాడమ్మా, సముద్రపు గాలి పడలేదేమో" అన్నాడు. మనిషిని పంపినందుకు నీకు రుణపడి ఉన్నాను, ఎందుకంటే అసలు సలహా ఇచ్చింది అతనే.

సభలో నేను రైఫిల్ తెరిచి, ఖాళీగా ఉందని చూపించి, పిల్లలకి మొదటి పాఠం ఇదేనని చెప్పాను. అందరూ బాగుందన్నారు. తీర్మానం మాత్రం కదల్లేదు. బయటికొచ్చాక షెరిఫ్ అన్నాడు: "మూడు నిమిషాలు మాట్లాడేవాళ్ల వల్ల ఏమీ కాదు వెర్నా. బల్లకి అటువైపు కూర్చునేవాళ్ల వల్లే అవుతుంది."

మర్నాడే ఊరాఫీసుకి వెళ్లాను. గుమస్తా ట్వైలాతో నవంబరు ఎన్నికల్లో థర్మన్ సీటుకి నిలబడతానన్నాను. ట్వైలా లేచొచ్చి నన్ను కౌగలించుకుంది. ఆ సీటుకి ఒక్కరూ రావడం లేదట, బతిమాలీ బతిమాలీ విసిగిపోయిందట. నేను ఆశ్చర్యపోయాను. కాగితం ఇచ్చింది, సంతకం పెట్టాను. ట్వైలా ఇచ్చిన కాగితాన్ని ఈ ఊళ్లో ఎవరూ చదవరు.

ముంగిళ్లలో పాతడానికి నా ఇంటిపేరుతో బోర్డులు కూడా పురమాయించాను. "మీ తుపాకి మీ దగ్గరే ఉంటుంది. హాగ్లండ్‌కి ఓటెయ్యండి."

మనసు తేలికపడింది రా. ఈ పని ఎప్పుడో చేయాల్సింది.

ఆశీస్సులతో,
వెర్నా

తా.క.: ఐడాకి ఈసారి ఆపిల్ పై పంపాను. పళ్లెం తిరిగొచ్చింది. దాంట్లో ఆరు గుడ్లున్నాయి. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో తెలియడం లేదు.

*

సియాటిల్
సెప్టెంబరు 4

నా ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చేరకముందే ఊరాఫీసుకి ఫోను చేశాను. మా అక్క ఏ గొడవలో ఉందని అడిగాను. ట్వైలా ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "గొడవేం లేదండీ. శ్మశానం పని మీద వచ్చి సంతకాలు పెట్టి వెళ్లింది. ఎంత ప్రశాంతంగా ఉందో. మాకైతే పెద్ద బరువు దిగింది."

మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. అందులో మనసు తేలికపడిందని ఉంది.

అక్కా, నాకెందుకు చెప్పలేదు? డాక్టరు ఎన్నాళ్లన్నాడు? చిన్నప్పుడు నీ గురి బాగుందని కుళ్లుకుని, నీ రైఫిల్ కొసన గురి చూసే ముల్లుని పక్కకి వంచింది నేనే. ఆ ఏడు జిల్లా పోటీలో నువ్వు ఓడిపోయింది అందుకే. నువ్వు మనసులో కష్టం పెట్టుకోకుండా వెళ్లాలని ఇప్పుడు చెబుతున్నాను.

రాజకీయాలు వదిలెయ్. తెల్ల లిల్లీలు పంపుతున్నాను. పెద్ద బుట్ట. ఎదురుగా పెట్టుకుని చూసుకో. వచ్చే శుక్రవారం పొద్దున విమానానికి మేమిద్దరం బయల్దేరుతున్నాం.

నిన్ను ఎప్పటికీ మరవని
మెరిల్

తా.క.: తెల్మా నల్ల గౌను సర్దుతోంది. ముందుజాగ్రత్త అంటోంది.

*

సేజ్ బెండ్
సెప్టెంబరు 9

ఒరేయ్ మెరిల్,

నాకే జబ్బూ లేదు. తెల్మాని రంగు గౌను సర్దుకోమను. రైఫిల్ ముల్లు సంగతి ఆ పోటీ రోజే తెలుసు. నాన్న చెప్పాడు.

జరిగింది ఇదీ. థర్మన్‌కి రెండు సీట్లుండేవి, ఒకటి కౌన్సిల్లో, ఒకటి శ్మశానం బాగోగులు చూసే శ్మశాన బోర్డులో. కౌన్సిల్ సీటులో ఐడా ఉంది కాబట్టి, నేను అడిగింది రెండోదే అనుకుంది ట్వైలా. ముంగిలి బోర్డులు వచ్చాకగాని నాకు తెలియలేదు. అచ్చువేసినవాడు అభ్యర్థుల జాబితా చూసి, ఉపకారం చేస్తున్నాననుకుని ఒక వరస కలిపాడు. "మీ తుపాకి మీ దగ్గరే ఉంటుంది. హాగ్లండ్‌కి ఓటెయ్యండి. శ్మశాన బోర్డు." ముసలి క్లీటస్ గ్రిగ్స్ వచ్చి, అయితే తన షాట్‌గన్‌ని శవపెట్టెలో తన పక్కన పెడతారా అని అడిగి వెళ్లాడు. కనుక్కుంటానన్నాను. పోటీకి ఇంకెవరూ లేరని, నవంబరు దాకా ఆగకుండా బోర్డు వాళ్లు అప్పటికప్పుడే నన్ను సీటులో కూర్చోబెట్టారు. కౌన్సిల్ ఓటు ముందర ఆ సీటుతో ఏం చేసుకోవాలో అర్థం కాలేదు.

అంతలో నీ లిల్లీలు వచ్చాయి. వంటింట్లో కుర్చీ వేసుకునే చోటు కూడా మిగల్లేదు. సగం తీసుకెళ్లి థర్మన్ సమాధి మీద పెట్టాను. ఐడా అక్కడే ఉంది. వంగి పూలు సరిచేసింది. సరిచేస్తూ చెప్పింది.

"థర్మన్ ఒక్కరోజు కూడా సైన్యంలో లేడు వెర్నా. ఆయనకి వందనం ఏమిటి? ఊళ్లో పోయిన ప్రతివాళ్లకీ ఆయన జెండా ఎగరేశాడు. ఆయన పోతే ఎగరేసేవాళ్లు లేరు."

ఆ రోజు రేంజ్‌లో ఎవరున్నారని తర్వాత రేంజ్ నడిపే క్లబ్బులో వాకబు చేశాను. కాస్పర్ నుంచి కొత్త తుపాకీ సరిచూసుకోవడానికి వచ్చిన ఇద్దరు. జెండా లేదు కాబట్టి నిశ్చింతగా కాల్చుకుపోయారు. మేమేమో టోపీలు తీసి కళ్లు తుడుచుకున్నాం. అక్కడున్నవాళ్లలో ఏం జరుగుతోందో తెలిసింది ఐడా ఒక్కతికే.

"రేంజ్ మీద నాకు పగ లేదు," అంది. "ఇకముందు జెండా ఎవరు ఎగరేస్తారో చెప్పు. తీర్మానం వెనక్కి తీసుకుంటాను."

అది కౌన్సిల్ చేతిలో పని కాదు, క్లబ్బు చేతిలోదీ కాదు. శ్మశాన బోర్డులో థర్మన్ సీటుది.

"నేను ఎగరేస్తాను," అన్నాను.

కాబట్టి షెరిఫ్‌కి, ట్వైలాకి, అచ్చువేసినవాడికి కూడా పైలు బాకీ ఉన్నాను. అందరికంటే ఎక్కువ నీకు. నువ్వు నన్ను చంపేసి పూలు పంపకపోతే నేను ఐడా పక్కన నిలబడేదాన్నే కాదు.

ప్రేమతో,
బతికే ఉన్న నీ అక్క
వెర్నా

తా.క.: నవంబరు తర్వాత కౌన్సిల్లో ఉండనంటోంది ఐడా. థర్మన్ సీటుకి నన్ను నిలబడమంది. ఏ సీటో ముందు చెప్పమన్నాను. చెప్పాక వద్దన్నాను. నాకు జెండా చాలు.

ఇంకో తా.క.: మీరు శుక్రవారం రాత్రికి చేరతారు. శనివారం పదకొండింటికి మన పాత టీచరమ్మ మిస్ ఓబర్గ్ అంత్యక్రియలు. పదిన్నరకి జెండా ఎక్కుతుంది. తాడు పట్టుకోవడానికి నువ్వు రావాలి. ఒంటిగంటకి దించుతాం. ఆ తర్వాత రేంజ్ తెరుస్తారు. థర్మన్ రైఫిల్‌తో మొదటి గుండు ఐడా పేలుస్తుంది.