ముదినేపల్లి వారి కోడలికి తెలుగు నేర్పుతున్నాను

అక్కకు,

చెల్లెలు సరోజ నమస్కరించి రాస్తున్నది. మేమిద్దరం ఇక్కడ కులాసాగానే ఉన్నాం. నువ్వు, బావగారు, అమ్మ, చంటిది బాగున్నారని తలుస్తాను. అమ్మ షుగరు అదుపులో ఉందా? బావగారి దగ్గు తగ్గిందా? ఇవన్నీ ఫోనులో అడగొచ్చు కదా అంటావు. నీ గొంతు వినగానే ఏడ్చేస్తానేమోనని, "ఆ, బాగున్నాం" అని పెట్టేస్తున్నాను. అందుకే రాస్తున్నాను.

ఆయన పొద్దున్నే రొయ్యల చెరువుల మీదికి వెళ్తే చీకటి పడ్డాకే రాక. గుజరాత్‌లో కూడా చెరువులే కదా, కొల్లేరులాగే ఉంటుందిలే అన్నావు. చుట్టూ ఉప్పునేల అక్కా, గడ్డిపోచ మొలవదు. గాలి వీస్తే నోట్లో ఉప్పు తగులుతుంది. పక్కింటావిడ మంచిది. పప్పు పంపిస్తుంది, అందులో బెల్లం వేస్తారు. నవ్వి తీసుకుంటాను. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకు రాదు.

ఊరికే కూర్చోలేక ఫోనులో పని వెతికాను. టైపింగ్ పని ఇస్తాం, ముందు ఫీజు కట్టమని ఒకరు రాశారు. కట్టేదాన్నే. "పని చేయించుకునేవాడు మనకివ్వాలి గానీ, మనం ఇవ్వడమేంటి?" అని ఆయన ఆపారు. తర్వాత తాడేపల్లిగూడెం నుంచి పద్మ ఫోను చేసింది. ఏలూరు కాలేజీలో నాతో చదివిన పద్మే. "బి.ఏ. తెలుగు చదివావు, మాట్లాడ్డం నేర్పొచ్చు కదే" అని, నా పేరుతో తనే ఇంగ్లీషులో ప్రకటన రాసి నెట్లో పెట్టింది. చాన్నాళ్లు ఎవరూ పలకలేదు. వద్దులే, ఊరికి వచ్చేద్దాం అనుకుంటుంటే మౌమిత అనే బెంగాలీ అమ్మాయి ఫోను చేసింది.

బెంగుళూరులో ఉంటుంది. భర్తది మన ముదినేపల్లి. అత్తగారు మోకాలి ఆపరేషనుకు వాళ్లింటికి వస్తున్నారట. భర్త ఆఫీసుకు వెళ్తే రోజంతా ఆ ఇద్దరే. ఇన్నాళ్లూ ఒకరినొకరు చూసి నవ్వుకోవడమే తప్ప మాట లేదట. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మొదటి రోజు ఫోను పాఠం వచ్చీరాని ఇంగ్లీషుతోనే నెట్టుకొచ్చాను. "అత్తగారూ, నువ్వు తిన్నావా?" అందా పిల్ల. "అత్తగారిని మీరు అనాలండీ" అన్నాను. అప్పటినుంచి అన్నిటికీ అండీ తగిలించేది. "పిల్లి వచ్చిందండీ" అంటే ఎంత నవ్వానో. ఈ ఇంట్లో నేను పైకి నవ్వడం అదే మొదలు.

నెల తిరిగేసరికి నా ఖాతాలో డబ్బు పడింది. చిన్న మొత్తమే. వంటింట్లో నిలబడి, ఎవరికి చెప్పాలో తెలియక "అక్కా" అన్నాను. అందులో కొంత నీకు పంపుతున్నాను. వద్దనకు. ద్వారకా తిరుమల వెళ్లినప్పుడు నా పేరున కొబ్బరికాయ కొట్టించు, చంటిదానికి గాజులు కొను. వీలైతే ఎండుచేపలు పంపించు.

మొన్న పాఠం మధ్యలో ఆ అత్తగారే ఫోను తీసుకున్నారు. "ఏ ఊరమ్మా మీది? మా కోడలు అచ్చం మనవైపు మనిషిలా మాట్లాడుతోందండీ" అన్నారు. ఆకివీడు దగ్గర కొల్లేటి లంక అని చెప్పాను. "ఈపాటికి మనవైపు నారుమళ్లు పచ్చబడి ఉంటాయి కదమ్మా" అన్నారు. ఆవిడే మళ్లీ, "ఇంటి మీద బెంగగా ఉందంటే, బెంగ అంటే ఏంటని అడుగుతోందమ్మా కోడలు. నువ్వే చెప్పు" అని ఫోను ఇచ్చేశారు.

ఇంగ్లీషులో ఆ మాట దొరకలేదు. మా అక్క చేపల పులుసు వండితే, గిన్నె అడుగున ఉన్నది నాకని వదిలేది, ఇక్కడ గిన్నె మొత్తం నాదే, వదిలేవాళ్లు లేరు, అదే బెంగ అని చెప్పాను. మౌమిత మెల్లగా, తెలుగులోనే, "నాకూ ఉందండీ" అంది.

అమ్మకు, బావగారికి మా ఇద్దరి నమస్కారాలు చెప్పు. చంటిదానికి ముద్దులు. పనిలో నిలదొక్కుకోవాలని మమ్మల్ని దీవించు.

నీ చెల్లెలు
సరోజ