బూట్లు ఇయ్యకు బాపూ

అశోక్ నగర్,
18-9-2012

బాపూ, నేనిక్కడ బాగానే ఉన్నాను, పరేషాన్ కాకు. ఇక ఆడేది లేదు కదా, నా ఫుట్‌బాల్ బూట్లు ఎవరికైనా ఇచ్చేయమని పోయిన కార్డులో రాశాను. ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకు.

నిన్న చిక్కడపల్లి లైబ్రరీలో మా హాస్టల్ పిల్లలం పేపర్ ముందేసుకుని కూర్చున్నాం. ఒకరు చదివితే మిగతావాళ్లు ఉద్యోగ పరీక్షకు బిట్లు రాసుకుంటారు. నిన్న చదివే వంతు నాది. కొలంబోలో మన ఆడపిల్లలు నేపాల్ మీద మూడు గోల్స్ కొట్టి దక్షిణాసియా కప్పు గెలిచారని చదువుతుంటే, బల్ల కింద నా కాలు దానంతటదే లేచింది. చెప్పు ఎగిరి ఎదుటి వరుసలో పడింది. అందరూ నవ్వారు.

"ఏందే మంజులా, నువ్వు గూడ ఆడుతున్నవా? గెలిచిందెవరు, ఓడిందెవరు, ఏ ఊర్ల, గంతే చెప్పు" అంది పక్కన బిట్లు రాసుకుంటున్న స్వరూపక్క. నేనూ అంతే రాసుకున్నాను. నేనెప్పుడూ ఆడిన కుడివైపు బ్యాక్ స్థానంలో వాళ్లలో ఎవరు ఆడారో పేపర్లో లేదు. పరీక్షలో అడగరు కూడా.

చదువు మిగిలి ఉంది, రేపు చవితికి రాలేను. ఈ కార్డు చేరేసరికి నా వంతు కుడుములు చెల్లె తినేసే ఉంటుంది. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? పత్తికి మందు కొట్టేటప్పుడు ముఖానికి గుడ్డ కట్టుకో.

బూట్లు ఇచ్చేసి ఉంటే మాత్రం తిరిగి అడగకు. ఏ పిల్ల వేసుకుంటోందో, ఏ వైపు ఆడుతోందో చెల్లెతో ఒక ముక్క రాయించు.

నీ బిడ్డ,
మంజుల