పదకొండో ఛానెల్

పృథ్వీ,

లేవగానే ల్యాప్‌టాప్, నీలం వైరు పట్టుకుని ఎదురు బ్లాకులో మీ అన్నయ్య ఇంటికి వెళ్లు. నిన్న సాయంత్రం నుంచి వాళ్లకి నెట్ రావడం లేదు. వాళ్ల దీపు పన్నెండో తరగతి రిజల్టు ఈ మధ్యాహ్నం నెట్‌లోనే వస్తుంది.

“నీ నెట్ నత్తలా ఉందిరా” అని బావగారు నలుగురిలో అన్నారని పౌరుషం వచ్చి వైఫై ఛానెల్ మార్చావు. కిందింటి ఆంటీ వాళ్ల కొత్త వైఫై కూడా మనలాగే ఆరో ఛానెల్‌లోనే ఉంది కాబట్టి పదకొండుకు మారడం మంచిదే. కానీ మనింట్లో, వాటర్ ట్యాంకు మీద, వాళ్లింట్లో ఉన్న మూడు వైఫై పెట్టెలూ ఒకే ఛానెల్‌లో ఉంటేనే ఒకదాని మాట ఇంకోదానికి వినిపిస్తుంది, మన నెట్ వాళ్లదాకా వెళ్తుంది. దూరంగా ఉన్నదాన్ని ముందు మార్చి, మనదాన్ని ఆఖర్న మార్చమని లక్షసార్లు చెప్పాను. నువ్వు మనదే ముందు మార్చేశావు. మిగతా రెండూ ఆరులోనే ఉండిపోయాయి.

నువ్వు కోపంతో కావాలనే నెట్ కోసేశావని వాళ్లు అనుకుంటున్నారు. పొరపాటని చెప్పుకోవడం నీకు నామోషీ.

వాళ్ల పెట్టెకు వైరు పెట్టి ముందు ట్యాంకు మీదది, తర్వాత వాళ్లది పదకొండుకు మార్చు. వట్టి చేతులతో వెళ్లకు, ఫ్రిజ్‌లో సఫేదా మామిడిపళ్లున్నాయి. క్యాబ్ భయ్యా హారన్ కొడుతున్నాడు.

ఇంద్రాణి

మనదాన్ని తిరిగి ఆరుకు తిప్పేస్తే అక్కడికి వెళ్లే పనే ఉండదని నీకు తోస్తుంది. అందుకే దాని సెట్టింగుల పాస్‌వర్డ్ మార్చాను. కొత్తది బావగారికి మాత్రమే చెప్పాను.