వరసలో నా బిందె

వదినా,

మేమిద్దరం కులాసా. మీ తమ్ముడికి బేకరీలో పని దొరికింది, బెంగ పెట్టుకోకు.

ఇక్కడ కుళాయి రోజంతా వస్తుంది. రోజుకో గంటే నీళ్ళొచ్చే ఆ శిబిరం వదిలి నెలైనా నా చేతులు మాత్రం ఊరుకోవు. నిన్న పొద్దున్నే లేచి బకెట్లు, గిన్నెలు, చివరికి టీ గ్లాసులు కూడా నింపేశాను. పక్కింటావిడ చూసి, "ఏమ్మా, ఇంట్లో పెళ్ళా?" అంది. నవ్వేశాను గానీ లోపలికొచ్చి ఏడ్చాను.

అత్తయ్య మోకాళ్ళు ఎలా ఉన్నాయి? పాపకి జ్వరం తగ్గిందా? నేను వదిలొచ్చిన నీలం స్వెటర్ నువ్వే వేసుకో.

ఒక్కటే అడుగుతున్నా. అక్కడ కుళాయి దగ్గర నీ బిందె వెనకే నా సొట్ట బిందె కూడా పెడుతూ ఉండు. ఎవరైనా తీసెయ్యబోతే, ఇప్పుడే వస్తుందని చెప్పు.

అత్తయ్యకు దండాలు, పాపకు ముద్దులు.

నీ వెనకే నిలబడే
మరదలు