నా నోటితో ముప్పై వీడియోలు

నాకు నేనే వాట్సాప్‌లో పంపుకునే డైరీ ఇది. ఎవరికీ చూపించను.

మార్చి 20, ఉదయం 6:10
ఇవాళ్టి నుంచి రోజుకో వీడియో. ముప్పై రోజులు. రూల్స్:
1. ముఖం కనబడాలి.
2. నా నోటితో మాట్లాడాలి.
3. పాట పెట్టి తప్పించుకోకూడదు.
నిలబడి పాఠం చదవమన్నారని ఐదో తరగతిలోనే బడి మానేశాను. ఇప్పుడు పదిహేడేళ్లు. కొట్లో ఉప్పు అడగాలన్నా చెల్లి దేవేను పంపిస్తాను. నెలరోజుల్లో ఈ సిగ్గు వదిలిపోవాలి. ఖాయం!

సాయంత్రం 5:00
"నమస్తే ఫ్రెండ్స్" అన్నాను. తర్వాత ఏమనాలో తెలియలేదు. ఇరవై మూడు సార్లు తీశాను. ఒకదాంట్లో మేక వచ్చి నాకంటే ఎక్కువ మాట్లాడింది. కల్వర్టు ఎక్కి సిగ్నల్ పట్టి అదే పెట్టాను.

మార్చి 21
ముఖం సగమే. వ్యూస్ 6. అయిదు నావే.

మార్చి 23
నిన్న ఛార్జింగ్ లేదు. (ఉంది. నలభై శాతం.)
ఇవాళ ముఖం బదులు చేతులు వీడియో తీశాను. అవీ నావే కదా. పాట పెట్టాను. మూడో రూల్ కొట్టేశాను.

మార్చి 25, ఉదయం 6:40
ఇప్పపువ్వు రాలుతోంది. ఊరంతా బుట్టలతో చెట్ల కిందే. మా చెట్టు కింద నీడ. పక్కనున్న కేసా మామ చెట్టు కింద ఎండ భలే పడుతోంది. అక్కడ కూర్చుని బుట్ట నింపుతూ తీశాను. పువ్వు అక్కడే పోసి వచ్చాను. ముఖం మొత్తం కనబడింది! మాట లేదు, పాటే.

మార్చి 26
వ్యూస్ 1,900! ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా వాళ్లు హిందీలో కామెంట్లు పెట్టారు. దేవే అడక్కుండానే నీళ్లు తెచ్చిచ్చింది.

మార్చి 27
వీడియో కేసా మామ కూడా చూశాడు.
మా ఊళ్లో ఒకరి చెట్టు కింది పువ్వు ఇంకొకరు ముట్టరు, కాపలా లేకపోయినా సరే. నేను ముట్టి, వీడియో తీసి, ఊరూరా పంచాను. సాయంత్రం పెద్దమనుషుల ముందు నిలబెట్టారు. పువ్వు ఇంటికి తేలేదని చెబితే చాలు. నోరు రాలేదు.
మామ అన్నాడు, "దొంగలు దాక్కుంటరు గదా అల్లుడా. నువ్వేంది, పాట పెట్టుకోని దొంగతనం చేసినవ్?"
అందరూ నవ్వారు. అమ్మ తల దించుకుంది. అది చూడలేకపోయాను.
"పువ్వు ఆడనే పోసిన మామా. నీ చెట్టు కింద ఎండ బాగుందని పోయిన."
మామ తప్పు వేశాడు, అంటే జరిమానా. మూడు రోజులు ఆయన చెట్టు కింద పువ్వు ఏరాలి. ఇంకొకటి: "ఆ చెట్టు ఎవరిదో నీ నోటితోని చెప్పి వీడియో పెట్టు. పాట వద్దు."

మార్చి 28
పువ్వు ఏరాను. వీడియో లేదు. నడుం నొప్పి.
ఛానల్ తీసేస్తానంటే దేవే, "తీసేస్తే నిజంగనే దొంగవంటరు" అంది.

మార్చి 29
పువ్వు ఏరాను. గాలి ఎక్కువ. గొంతు కూడా బాగోలేదు.

మార్చి 30, ఉదయం 7:05
గడువు ఆఖరి రోజు. మామ బీడీ వెలిగించి ఎదురుగా కూర్చున్నాడు.
"నా పేరు భీమా. ఈ చెట్టు కేసా మామది. మాది పక్కది."
తొమ్మిది సెకన్లు. "ఇంకొంచెం గట్టిగ. చెట్టుకు గూడ వినబడలే" అన్నాడు మామ. అదీ రికార్డయింది. అలాగే పెట్టేశాను.

సాయంత్రం 6:00
వ్యూస్ 11. మామ భార్య ఇంటికొచ్చింది. వాళ్ల చింతచెట్టు సంగతి కూడా చెప్పమంటోంది, దాని మీద మరిదికి కన్నుందట.
ముప్పై రోజుల లెక్క మళ్లీ మొదలు, ఇవాళ మొదటి రోజు. రేపు చింతచెట్టు. ఊళ్లో ముప్పైకి పైనే చెట్లున్నాయి.