జార్జెట్ ఆడపిల్ల పేరేనని

కిరండూల్,
9 జూన్ 1989.

జనన నమోదు అధికారి గారి సముఖమునకు, రైల్వే గ్యాంగ్‌మన్ బొడ్డు యేసుపాదం సమర్పించు అర్జీ.

అయ్యా,

విషయం: నా కుమార్తె జార్జెట్‌ను పురుషులలో నుండి స్త్రీలలోనికి మార్పించుట గురించి.

1. 1971లో నా భార్య దేవుడమ్మ కాన్పు కష్టమై మిషన్ ఆసుపత్రిలో రెండు దినములు పడియుండెను. ఫ్రాన్సు దేశపు నర్సు సిస్టర్ జార్జెట్ తల్లిని, బిడ్డను దక్కించినది. బిడ్డకు ఆమె పేరే పెట్టుకొందుమనగా, ఆమె కళ్లు తుడుచుకొని వచ్చీరాని హిందీలో చెప్పినది: జార్జ్ మగవాని పేరట, భూమి దున్నువాడని అర్థమట, దానికి తోక తగిలించి ఆడపిల్లను జార్జెట్ అందురట, ఇప్పుడు వారి దేశములో ఆ పేరు ముసలమ్మలకే మిగిలినదట.

2. తమ గుమాస్తా గారు ఆ తోక కత్తిరించి "జార్జ్, పురుషుడు" అని హిందీలో రాసిరి. హిందీ చదువరాని నాకు తెలియలేదు. ఇప్పుడు అమ్మాయికి నర్సింగు శిక్షణలో సీటు వచ్చినది. అక్కడ మగవారికి ప్రవేశము లేదు. సోమవారములోగా సరియైన కాగితము తెమ్మనిరి.

3. దిద్దమని వెళ్లగా గుమాస్తా గారు నవ్వి, "అరే భాయ్, జార్జెట్ తో సాడీ కా కపడా హై!" అనిరి. అది చీర గుడ్డ పేరట. మిషన్ ఫాదర్ గారి లేఖ చూపితిని. అందు ప్రకారము పారిసులో బట్టలు కుట్టిన ఒకామె పేరే ఆ గుడ్డకు వచ్చినదట. మనిషి ముందు, గుడ్డ తరువాత అని మనవి చేసితిని. అంతట, ఈ జిల్లాలో ఇదే పేరుగల మరియొక స్త్రీ సంతకము తెమ్మనిరి. సిస్టర్ గారు ఆరేండ్లుగా మిషన్ సమాధులలో ఉన్నారు. సంతకము ఎటుల తేవలెనో తమరే సెలవియ్యవలెను.

4. చివరకు జాలిపడి, "సునీతా లిఖ్ దూఁ? దో మినట్ కా కామ్" అనిరి. సునీత అని మార్చి రాసెదరట అని ఇంట చెప్పగా నా భార్య, "ఆ సిస్టరు రెండ్రోజులు తిండి మాని నా పక్కన కూకుంది. మీ గుమస్తా కూకున్నాడేటి, పేరు మార్చీడానికి?" అన్నది. అమ్మాయి సర్దుకున్న పెట్టె మళ్లీ విప్పుకుంది. అది చూడలేకపోయానయ్యా.

కావున చిత్తగించి, పద్దెనిమిదేండ్లుగా మగవాడై యున్న నా బిడ్డను ఆడపిల్లగా మంజూరు చేయవలెను.

తమ విధేయుడు,
బొడ్డు యేసుపాదం

మరొక మనవి: అర్జీ పోస్టు చేయకముందే దేవుడమ్మ అమ్మాయిని వెంటబెట్టుకొని తమ ఆఫీసుకు వెళ్లి, కాగితం చేతికిచ్చేదాకా గుమాస్తా గారి బల్ల ముందు నుంచి లేవలేదు. అమ్మాయి పేరు జార్జెట్, స్త్రీ. సరిగ్గానే ఉంది. తండ్రి పేరు దేవుడమ్మ, తల్లి పేరు యేసుపాదం అని పడింది. దయచేసి ఎవరినీ దిద్దనివ్వకండి. నేను తల్లిగానే ఉండిపోతాను.