తెర మీద లింగమూర్తి సార్ పేరు

చెన్నూరు,
ఆదివారం

బాపూ,

అన్నేళ్లు మరమగ్గాల సాంచాల చప్పుడులో నిలబడ్డ చెవులు నీవి. ఫోన్‌లో ఎంత అరిచినా నీకు వినబడదు, పైగా ఇది అరిచి చెప్పుకునే సంగతి కాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మొన్న మంచిర్యాలలో మాకు శిక్షణ జరిగింది. పాఠాన్ని ఆటలాగా మార్చే వెబ్ పేజీలు కొన్ని వచ్చాయి. మనం ప్రశ్న పెడితే పిల్లలు జవాబు నొక్కుతారు, అది వెంటనే తెర మీద కనిపిస్తుంది. నేర్పడానికి శ్యాంసుందర్ అని ఒక కుర్ర టీచరు వచ్చాడు. మంచి మాటకారి. మా బడి నుంచి నేనూ లెక్కల లింగమూర్తి సారూ వెళ్లాం. సార్ రిటైర్‌మెంట్‌కు దగ్గర పడ్డాడు. ఫోన్‌లో అక్షరాలు వెతుక్కునేలోపు ప్రశ్న దాటిపోయేది. అయినా విసుక్కోకుండా ప్రతిదీ నన్ను అడిగి రాసుకున్నాడు.

మధ్యాహ్నం సార్ నీళ్లు తాగడానికి బయటికి వెళ్లాడు. అప్పుడే శ్యాంసుందర్ ఒక ప్రశ్న పెట్టాడు: "ఈ హాల్లో గీ శిక్షణ అందరికంటే ఎక్కువ ఎవరికి అవసరం? పేరు రాయుండ్రి. ఎవరు రాసిండ్రో ఎవరికీ తెల్వది." ఒకే పేరు ఎంతమంది రాస్తే అది అంత పెద్దదవుతుంది. లింగమూర్తి అన్న పేరు ఉబ్బుతూ ఉబ్బుతూ తెరంతా నిండింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. సరిగ్గా అప్పుడే సార్ లోపలికి వచ్చాడు. తెర చూశాడు, చప్పట్లు విన్నాడు, రెండు చేతులూ జోడించాడు. "నా మీద గింత అభిమానం ఉందనుకోలే" అన్నాడు.

హాలు గొల్లుమంది. ఒకాయన అయితే బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. శ్యాంసుందర్ ఆపలేదు సరికదా, సార్ లోపలికి వచ్చినప్పటి నుంచీ అంతా తన ఫోన్‌తో వీడియో తీశాడు. సార్ వచ్చి నా పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు: "ఏం ప్రశ్న అడిగిండు మేడం? గిట్ల నవ్వుతుండ్రెందుకు?"

నేను చెప్పేశాను బాపూ. అబద్ధం నోటికి రాలేదు. ఆయన "అట్లనా" అని మాత్రం అన్నాడు.

నీ బిడ్డ,
రోజ

---

చెన్నూరు,
శనివారం

బాపూ,

నీ జవాబు అంది మూడు వారాలైంది. "పెద్దమనిషిని ఒంటరిగ ఇడువకు" అని రాశావు. అదే చేస్తున్నాను. కానీ ఈలోపు జరిగింది విను.

ఆ వీడియో టీచర్ల గ్రూపులోకి వచ్చింది. ఎవరి ఫోన్ నుంచి జారిందో గానీ పిల్లలకూ చేరింది. సార్ తొమ్మిదో తరగతిలోకి అడుగు పెట్టగానే వెనక బెంచీలవాళ్లు లేచి చేతులు జోడించి, "గింత అభిమానం ఉందనుకోలే" అన్నారట. క్లాసంతా నవ్వింది. సార్ చాక్‌పీసు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. మర్నాటి నుంచి బడికి రాలేదు.

నేను వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య బుచ్చవ్వ నన్ను చూసి సంబరపడింది. "మంచిర్యాలల మా ఆయన పేరు తెర మీద పెద్దగ ఏసిండ్రట గద మేడం! మా అక్క కొడుకు చెప్పిండు. గా వీడియో నాకు సూపియ్యమంటే ఈయన సూపిస్తనే లేడు" అంది. లోపల గదిలో సార్ వింటున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెంగుతో తుడుచుకుని, "సార్, నేను నేర్పిస్త. నేర్చుకుంటరా?" అన్నాను.

నేర్చుకున్నాడు బాపూ! రోజూ సాయంత్రం నా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. త్రిభుజాల మీద తానే ప్రశ్నలు తయారు చేశాడు. కోణాన్ని వేలితో జరిపితే బొమ్మ మారే పేజీ ఒకటి ఉంది. అది చూసి, "అరె, నేను ఇన్నేండ్లు బోర్డు మీద తుడిచి తుడిచి గీసిందంతా గిదే గద బిడ్డా!" అని పకపక నవ్వాడు. ఆయన అలా నవ్వగా నేను ఎన్నడూ చూడలేదు. మళ్లీ బడికి వస్తున్నాడు. వచ్చే శిక్షణలో ఆయన చేతే నమూనా పాఠం చెప్పిద్దామని హెడ్మాస్టర్ ఓంప్రకాశ్ గారిని ఒప్పించాను. నవ్విన వాళ్లే నోరు మూసుకోవాలి. చూస్తూ ఉండు.

నీ రోజ

---

చెన్నూరు,
పండుగ సెలవుల ముందు

బాపూ,

చాలా రోజులు రాయలేకపోయాను. నీకు రాయకపోతే ఇంకెవరికీ చెప్పుకోలేను.

సార్ పాఠం అద్భుతంగా జరిగింది. ఒక్క చోటా తడుముకోలేదు. హాలంతా ఫోన్లు పట్టుకుని ఆయన ప్రశ్నలకు పోటీపడి జవాబులు నొక్కింది. నేను గర్వంతో ఉబ్బిపోతున్నాను. అప్పుడు శ్యాంసుందర్ లేచి మైకు అందుకుని సార్ భుజం మీద చెయ్యి వేశాడు. "జూసిండ్రు గదా! లింగమూర్తి సారే చేసిండంటే ఇగ చెయ్యరానోడు ఎవడన్న ఉంటడా? సాకులు బంద్ పెట్టుండ్రి!" అన్నాడు.

మళ్లీ అవే చప్పట్లు, అదే నవ్వు. సార్ కూడా నవ్వాడు.

ఆ మాట అధికారులకు తెగ నచ్చింది. ఇప్పుడు సార్‌ను పెద్దపల్లికి, ఆదిలాబాద్‌కు, శిక్షణ ఎక్కడుంటే అక్కడికి తీసుకెళ్తున్నారు. ప్రతిచోటా ముందు ఆ పాత వీడియో వేస్తారు, జనం నవ్వాక సార్‌ను వేదిక మీదికి పిలుస్తారు. ఇక్కడ తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పేవాళ్లు లేరు.

నాకు కడుపు మండింది. మొన్న సార్ బడి గేటు దగ్గర ఆటో కోసం నిలబడి ఉంటే వెళ్లి చెప్పాను: "మిమ్మల్ని తమాష చేసి ఊరూరు తిప్పుతుండ్రు సార్. మీకు సమజైతలేదా? ఇగ పోకుండ్రి."

ఆయన నా వైపు తిరిగాడు.

"నాకు సమజ్ కాలేదనుకున్నవా మేడం? పోరగాడు మైకుల అన్నది నాకు ఇనబడ్డది. అననీ. నవ్వేటోళ్లు నవ్వుతరు, అన్నం తిని మర్చిపోతరు. మర్చిపోనిది నువ్వొక్కదానివే. పాఠం ఎంత మంచిగ చెప్పినా, పొద్దుగాల నీ మొకం జూస్తే చాలు, నేను ఇంకా చేతులు జోడిచ్చుకొని నిలబడ్డట్టే ఉంటది నాకు."

నేను ఏదో అనబోయాను. ఆయన ఆగలేదు.

"మా ఇంటికి గూడ రాకు. గా మేడం మనింటికొచ్చి ఎందుకు ఏడ్చిందని బుచ్చవ్వ నన్ను రోజు సతాయించింది. చివరికి చెప్పక తప్పలే. పాపం, ఊరంత చెప్పుకొని మురిసింది. ఇప్పుడు నీళ్లకు బాయి కాడికి గూడ పోతలేదు."

ఆటో వచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు.

ఇవాళ మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో సార్ తన టిఫిన్ డబ్బా తీసుకుని నా పక్క నుంచి లేచాడు. మంచిర్యాలలో బల్ల మీద తల పెట్టుకుని నవ్విన ఆయన మా బడికి బదిలీ అయి వచ్చాడు. సార్ వెళ్లి అతని పక్కన కూర్చున్నాడు. అతను ఏదో జోకు వేశాడు, సార్ తన డబ్బాలోంచి మామిడికాయ తొక్కు తీసి అతనికి వడ్డించాడు. ఇద్దరూ హాయిగా తిన్నారు.

ఒంటరిగా విడవొద్దని రాశావు గదా బాపూ. ఆయన ఒంటరిగా లేడు. నేను దగ్గరికి పోకుండా ఉంటే చాలు, ఆయన బాగానే ఉంటాడు. ఇక పోను.

రోజారాణి